పాలకొల్లుకి దగ్గర ఊరు పాలకొండ అంట! జూలియాలో ఒకే పేరు, రెండు మాడ్యూల్స్

పోయిన ఎపిసోడ్‌లో జూలియా లాంగ్వేజ్‌లో స్ట్రక్ట్ రాయడం, మన సొంత టైప్ తయారుచేసుకోవడం చూశాం. ఈ రోజు ఇంకో మెట్టు పైకెక్కుదాం. ఒక ఫంక్షన్ పేరు రెండు మాడ్యూల్స్‌లో ఉంటే ఏమవుతుంది? ఆ పేరు ఎవరిది? వినడానికి చిన్న ప్రశ్నే. కానీ దీన్ని పట్టించుకోక నేను ఒకసారి ఎంత పెద్ద తప్పు చేయబోయానో ముందు చెప్తాను.

నేను, నా ఫ్రెండ్ కలిసి ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాం. రక్తం ఇవ్వడానికి ముందుకొచ్చిన వాళ్ళ జాబితా ఉంటుంది. ఎవరికైనా అవసరం వస్తే ఊరి పేరు ఇవ్వాలి, ఆ ఊరికి దగ్గర్లో ఉన్న డోనర్ ఎవరో ప్రోగ్రామ్ చెప్పాలి. అంతే. ఒక రాత్రి టెస్ట్ చేస్తున్నాను. పాలకొల్లు అని ఇచ్చాను. జాబితాలో నరసాపురం ఉంది, భీమవరం ఉంది, పాలకొండ ఉంది. ప్రోగ్రామ్ ఠక్కున జవాబు చెప్పింది: పాలకొండ!

గోదావరి జిల్లాల వాళ్ళు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. పాలకొల్లుకి నరసాపురం పక్కనే. పాలకొండ ఎక్కడో ఉత్తరాంధ్రలో ఉంది. మ్యాప్ మీద గీత గీసినా 300 కిలోమీటర్ల పైనే. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ప్రోగ్రామ్ ధీమాగా తప్పు చెప్పింది. టెస్టింగ్‌లో ఉండగానే దొరికింది కాబట్టి సరిపోయింది. నిజంగా ఎవరి ఇంట్లోనో ఎమర్జెన్సీ ఉన్నప్పుడు ఈ జవాబు వచ్చుంటే?

ఇది ఎలా జరిగిందో అర్థం కావాలంటే రెండు విషయాలు తెలియాలి. ఒకటి మల్టిపుల్ డిస్పాచ్, రెండోది మాడ్యూల్. వరసగా చూద్దాం.

ముందు ఒక మాట క్లియర్ చేసుకుందాం. జూలియాలో ఫంక్షన్ వేరు, మెథడ్ వేరు. ఫంక్షన్ అంటే ఒక పని పేరు. మెథడ్ అంటే ఆ పనిని ఫలానా రకం వస్తువులతో ఎలా చేయాలో చెప్పే పద్ధతి. ఒక ఫంక్షన్‌కి ఎన్ని మెథడ్స్ అయినా ఉండొచ్చు. ప్లస్ గుర్తు కూడా జూలియాలో ఒక ఫంక్షనే. మెథడ్స్ అని టైప్ చేసి బ్రాకెట్‌లో ప్లస్ ఇచ్చి చూడండి, వందకు పైనే మెథడ్స్ వస్తాయి. రెండు ఇంటిజర్లను కలపడం ఒక మెథడ్, రెండు మ్యాట్రిక్స్‌లను కలపడం ఇంకో మెథడ్.

మరి ఏ మెథడ్ నడవాలో ఎవరు తేలుస్తారు? పైథాన్, జావా లాంటి వాటిలో ఆబ్జెక్ట్ ముందుంటుంది, తర్వాత డాట్, తర్వాత మెథడ్ పేరు. అంటే డాట్‌కి ముందున్న ఆ ఒక్క ఆబ్జెక్టే పెద్దమనిషి. జూలియాలో అలా కాదు. బ్రాకెట్‌లో ఇచ్చిన ఆర్గ్యుమెంట్లు అన్నిటి టైప్స్ కలిపి చూసి మెథడ్ ఎంచుకుంటుంది. దీన్నే మల్టిపుల్ డిస్పాచ్ అంటారు.

వంటింటి ఉదాహరణ చెప్తాను. నీళ్ళ గిన్నెలో చల్లటి నూనె చుక్క వేయండి. పైన తేలుతుంది, అంతే. మరిగే నూనె బాండీలో నీళ్ళ చుక్క వేయండి, చిటపటలాడి మీద చిందుతుంది. వేయొద్దులెండి, ఊహించుకోండి చాలు. పని ఒకటే, "వేయి". కానీ ఏం జరుగుతుందన్నది గిన్నె ఒక్కటీ తేల్చదు, చుక్క ఒక్కటీ తేల్చదు. రెండూ కలిసి తేలుస్తాయి. మల్టిపుల్ డిస్పాచ్ కూడా అంతే.

బీటెక్ చేస్తున్నవాళ్ళు వెంటనే అడుగుతారు, "అన్నా, ఇది జావాలో మెథడ్ ఓవర్‌లోడింగే కదా?" అని. కాదు. జావా ఓవర్‌లోడింగ్‌లో కంపైల్ చేసేటప్పుడే, మనం వేరియబుల్‌కి రాసిన టైప్‌ని బట్టి, ఏ మెథడో ఖాయమైపోతుంది. జూలియాలో ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఆ వేరియబుల్‌లో నిజంగా ఏ టైప్ వస్తువు ఉందో, దాన్ని బట్టి మెథడ్ నడుస్తుంది. ఈ ఐడియా జూలియా కనిపెట్టింది కూడా కాదు. 1980ల్లోనే కామన్ లిస్ప్ ఆబ్జెక్ట్ సిస్టమ్‌లో ఉంది. జెఫ్ బెజాన్సన్, స్టెఫాన్ కార్పిన్‌స్కీ, విరల్ షా, అలన్ ఎడెల్‌మన్ 2012 ఫిబ్రవరిలో జూలియాను ప్రకటించినప్పుడు చేసిన పని ఏంటంటే, దీన్ని ఏదో ఒక మూల ఫీచర్‌లా పెట్టకుండా లాంగ్వేజ్ మొత్తానికి పునాదిగా వేశారు.

దీనివల్ల లాభం ఏంటి? మెజర్‌మెంట్స్ అని ఒక ప్యాకేజ్ ఉంది. 5 ప్లస్ ఆర్ మైనస్ 0.1 అంటాం కదా, ల్యాబ్‌లో కొలత, దాని ఎర్రర్ రెండూ కలిపి, అలాంటి నంబర్లకు ఒక టైప్ ఇస్తుంది. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అని ఇంకో ప్యాకేజ్ ఉంది, అది సమీకరణాలు సాల్వ్ చేస్తుంది. రాసినవాళ్ళు వేరు. ఒకదాని కోసం ఇంకోదాన్ని రాయలేదు. అయినా ఈ నంబర్లను ఆ సాల్వర్‌కి ఇస్తే, జవాబు కూడా ఎర్రర్‌తో సహా వస్తుంది! ఎందుకంటే సాల్వర్ లోపల ఉన్నవి మామూలు కూడికలు, గుణకారాలు. మెజర్‌మెంట్స్ వాళ్ళు కూడికకి కొత్త పేరు పెట్టుకోలేదు. జూలియాలో ముందే ఉన్న ప్లస్‌కే తమ టైప్ కోసం ఒక మెథడ్ చేర్చారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి: ఉన్న ఫంక్షన్‌కి మెథడ్ చేర్చడం.

ఇక మాడ్యూల్. మాడ్యూల్ అంటే పేర్లకు ఒక ఇల్లు. ప్రతి ఊళ్ళో ఒక శ్రీను ఉంటాడు. ఇంటిపేరుతో కలిపి పిలిస్తే ఏ శ్రీనో తెలుస్తుంది. మాడ్యూల్ పేరు, డాట్, ఫంక్షన్ పేరు. డాట్‌కి ముందున్నది ఇంటిపేరు.

మా ప్రోగ్రామ్‌కి వద్దాం. నేను రాసిన మాడ్యూల్ పేరు స్థలాలు. అందులో స్థలం అనే టైప్, దానికి లాటిట్యూడ్, లాంగిట్యూడ్. రెండు స్థలాల మధ్య కిలోమీటర్లు చెప్పే ఫంక్షన్ పేరు దూరం. జూలియాలో పేర్లు తెలుగు అక్షరాల్లో కూడా పెట్టుకోవచ్చు, కాబట్టి నిజంగానే దూరం అని తెలుగులోనే రాశాను. అదే మాడ్యూల్‌లో దగ్గరిది అని ఇంకో ఫంక్షన్. ఒకటి ఇచ్చి, జాబితా ఇస్తే, జాబితాలో అన్నిటికీ దూరం చూసి తక్కువ ఉన్నదాన్ని ఇస్తుంది. దానికి నేను టైప్ ఏమీ రాయలేదు. దూరం అనేది పనిచేస్తే చాలు, దేనికైనా నడుస్తుంది.

నా ఫ్రెండ్ రాసిన మాడ్యూల్ పేరు పేర్లు. జనం ఊరి పేర్లు ఒక్కొక్కరు ఒక్కోలా టైప్ చేస్తారు కదా. నరసాపురం అని ఒకరు, నర్సాపురం అని ఇంకొకరు. ఆ రెండూ ఒకటే అని పట్టుకోవడానికి వాడు ఒక ఫంక్షన్ రాశాడు. ఒక పదాన్ని ఇంకో పదంగా మార్చాలంటే ఎన్ని అక్షరాలు మార్చాలి, ఎన్ని చేర్చాలి, ఎన్ని తీసేయాలి అని లెక్కపెడుతుంది. లెవెన్‌స్టీన్ డిస్టెన్స్ అంటారు దాన్ని. డిస్టెన్స్ కదా, వాడు కూడా దూరం అనే పేరు పెట్టాడు!

రెండు మాడ్యూల్స్‌నీ యూజింగ్ అని లోడ్ చేశాం. దూరం అని పిలవగానే జూలియా ఆగిపోయింది. రెండు మాడ్యూల్స్ ఇదే పేరు ఎక్స్‌పోర్ట్ చేస్తున్నాయి, నీకు ఏది కావాలో ఇంటిపేరుతో చెప్పు అంది.

అప్పుడు నాకు చిరాకేసింది. "నాది స్థలాలు తీసుకుంటుంది, వాడిది స్ట్రింగ్స్ తీసుకుంటుంది. టైప్స్ వేరు కదా! మల్టిపుల్ డిస్పాచ్ అని అంత గొప్పగా చెప్పుకునే లాంగ్వేజ్, రెండిటినీ తనే కలిపేసుకోవచ్చుగా?" అని. జూలియా నేర్చుకునే ప్రతివాళ్ళకీ ఏదో ఒక రోజు ఈ అనుమానం వస్తుంది. జవాబు మన తెలుగులోనే ఉంది.

"కొట్టు" అనే మాట తీసుకోండి. తలుపు కొట్టు, గంట కొట్టు, డప్పు కొట్టు. వస్తువు మారితే కొట్టే తీరు మారుతుంది, కానీ పని ఒకటే, దేన్నో తాకించి చప్పుడు చేయడం. ఇది ఒక ఫంక్షన్, మూడు మెథడ్స్. మరి కిరాణా కొట్టు? అక్షరాలు అవే. కానీ అది షాపు! దీనికీ దానికీ సంబంధమే లేదు. "కొట్టు మూసేశారు" అంటే ఎవరూ గంట సంగతి అనుకోరు. జూలియా లెక్కలో ఇవి రెండు వేర్వేరు ఫంక్షన్లు. పేరు కలిసినంత మాత్రాన ఒకటైపోవు. అక్షరాలు కలిశాయా అన్నది జూలియా చూడగలదు. అర్థం కలిసిందా అన్నది చూడలేదు. అది మనిషి చెప్పాలి. అందుకే అది ఆగి మనల్ని అడుగుతుంది.

నేను అడిగినదానికి సరిగా జవాబు చెప్పకుండా అడ్డదారి తొక్కాను. ఫ్రెండ్ మాడ్యూల్ తెరిచి, పైన ఇంపోర్ట్ స్థలాలు, కోలన్, దూరం అని ఒక్క లైన్ రాశాను. ఇంపోర్ట్ అంటే ఆ పేరుతో కొత్త ఫంక్షన్ పుట్టదు, ఉన్న ఫంక్షన్‌కే మెథడ్ చేరుతుంది. అంటే వాడి స్పెల్లింగ్ లెక్క వచ్చి నా దూరం ఫంక్షన్‌లో రెండో మెథడ్‌గా కూర్చుంది. ఎర్రర్ పోయింది. నేను కాలర్ ఎగరేశాను.

తర్వాత ఒక రోజు ఏదో చెక్ చేస్తూ, ఊరి పేరుని స్థలంగా మార్చే లైన్‌ని కామెంట్ చేసి, తిరిగి తీయడం మర్చిపోయాను. ఊర్లన్నీ వట్టి స్ట్రింగ్స్‌గా వెళ్ళాయి. పాత పద్ధతిలో అయితే దగ్గరిది ఫంక్షన్ లోపల "స్ట్రింగ్స్‌కి దూరం అనే మెథడ్ లేదు" అని ఎర్రర్ వచ్చి ఆగిపోయేది. ఇప్పుడు మెథడ్ ఉందిగా! పాలకొల్లు, పాలకొండ. మొదట్లో "పాలకొ" రెండిట్లోనూ ఒకటే. కంప్యూటర్ లెక్కలో 4 మార్పులు చాలు. నరసాపురానికి దానికంటే ఎక్కువే కావాలి. కాబట్టి పాలకొండే దగ్గర. లెక్క కరెక్టే, అర్థమే తప్పు.

ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే ఒకటే మాట అన్నాడు, "ఒరేయ్, నీ దూరం కిలోమీటర్లు, నా దూరం అక్షరాలు. రెండూ ఎలా కలుపుతావురా?" అని. ఆ ఒక్క మాటలో మొత్తం పాఠం ఉంది.

ఫ్రెండ్స్, నేను చేసిన తప్పుకి జూలియా వాళ్ళు ఒక పేరు కూడా పెట్టారు: టైప్ పైరసీ. మనకు పైరసీ అంటే సినిమా పైరసీయే తెలుసు. ఇక్కడ అర్థం ఏంటంటే, ఫంక్షన్ నీది కాదు, టైప్స్ కూడా నీవి కావు, అయినా మెథడ్ చేర్చడం. పేర్లు మాడ్యూల్‌కి దూరం ఫంక్షన్ సొంతం కాదు, అది స్థలాలది. స్ట్రింగ్ టైప్ కూడా సొంతం కాదు, అది జూలియాది. ఎవరి ఇంట్లోనో ఎవరి వస్తువులనో మనం సర్దేసినట్టు.

ఇంకో ఉదాహరణ. జూలియాలో రెండు స్ట్రింగ్స్ అతికించడానికి ప్లస్ కాదు, స్టార్ గుర్తు వాడతారు. పైథాన్ నుంచి వచ్చినవాళ్ళకు చెయ్యి తిన్నగా ఉండదు. స్ట్రింగ్ ప్లస్ స్ట్రింగ్ అని తామే ఒక మెథడ్ చేర్చేస్తారు. ఆ మెథడ్ వాళ్ళ ఫైల్‌లోనే ఉండిపోదు. ఆ ప్రోగ్రామ్‌లో లోడ్ అయిన ప్రతి ప్యాకేజ్‌కీ ప్లస్ మారిపోతుంది. ఇంకెవరో మధ్యలో స్పేస్ పెట్టి అతికించే మెథడ్ రాశారనుకోండి, ఒకరిది ఇంకొకరిదాన్ని తుడిచేస్తుంది.

కాబట్టి మొదటి రూల్: ఫంక్షన్ అయినా నీదై ఉండాలి, లేదా ఆర్గ్యుమెంట్లలో కనీసం ఒక టైప్ అయినా నీదై ఉండాలి. మెజర్‌మెంట్స్ వాళ్ళు ప్లస్‌కి మెథడ్ చేర్చారు, అది పైరసీ కాదు, ఎందుకంటే టైప్ వాళ్ళది. రెండో రూల్: ఫంక్షన్ అర్థం మార్చకూడదు. కొలతల్ని కూడినా అది కూడికే.

మరి పేర్లు కలిస్తే ఏం చేయాలి? నాలుగు దారులున్నాయి.

ఒకటి, ఇంటిపేరుతో పిలవడం. స్థలాలు డాట్ దూరం, పేర్లు డాట్ దూరం. కొంచెం పొడుగు, కానీ చదివేవాళ్ళకు అనుమానమే ఉండదు. ఇంపోర్ట్ చేసేటప్పుడు యాజ్ అని రాసి వేరే పేరు కూడా పెట్టుకోవచ్చు, జూలియా 1.6 నుంచి ఈ సౌకర్యం ఉంది.

రెండు, పేరు మార్చడం. నా ఫ్రెండ్ తన ఫంక్షన్‌కి అక్షరతేడా అని పెట్టి ఉంటే గొడవే లేదు. మేం చివరికి చేసింది ఇదే.

మూడు, ఏ రకమో టైప్‌గా చెప్పించడం. ఇది నాకు బాగా నచ్చింది. డిస్టెన్సెస్ అనే ప్యాకేజ్‌లో యూక్లిడియన్ ఒక టైప్, భూమ్మీద దూరానికి హావర్‌సైన్ ఇంకో టైప్. స్ట్రింగ్ డిస్టెన్సెస్ అనే వేరే ప్యాకేజ్ కూడా అదే పద్ధతిలో నడుస్తుంది, అందులో లెవెన్‌స్టీన్ ఒక టైప్. దూరం అనే ఆలోచన ఒకటే, కానీ ఏ దూరం కావాలో పిలిచేవాళ్ళే నోరు తెరిచి చెప్పాలి. ఇలా ఉంటే పాలకొండ పొరపాటు జరిగేదే కాదు.

నాలుగు, అర్థం నిజంగా ఒకటే అయితే, ఆ పేరుని ఒక మూడో ఇంట్లో పెట్టడం. ఫంక్షన్, పేరు, ఎండ్. అంతే రాస్తే మెథడ్ ఒక్కటీ లేని ఖాళీ ఫంక్షన్ పుడుతుంది. ఆ పేరుకి అర్థం ఏంటో డాక్యుమెంటేషన్‌లో రాసి పెడతారు. మిగతా ప్యాకేజ్‌లు వచ్చి తమ టైప్స్‌కి మెథడ్స్ చేర్చుకుంటాయి. స్టాట్స్ ఏపీఐ అనే చిన్న ప్యాకేజ్ ఉన్నది ఇందుకే. అందులో ఫిట్ అనే పేరు ఉంది. డిస్ట్రిబ్యూషన్స్ వాళ్ళూ, లీనియర్ మోడల్స్ చేసే జీఎల్ఎమ్ వాళ్ళూ ఆ ఒక్క ఫిట్‌కే మెథడ్స్ చేర్చారు. అందుకే రెండూ లోడ్ చేసినా ఫిట్ దగ్గర గొడవ రాదు.

ఇప్పుడు దీనికి రివర్స్‌లో జరిగే పొరపాటు. చేర్చాల్సిన చోట చేర్చకపోవడం. స్థలం టైప్ ప్రింట్ చేస్తే అందంగా కనపడాలని మాడ్యూల్ లోపల షో అని ఫంక్షన్ రాశారనుకోండి. ప్రింట్ చేస్తే మళ్ళీ పాతలాగే వస్తుంది. ఎర్రర్ ఉండదు. ఎందుకు? మీరు రాసింది స్థలాలు డాట్ షో. ప్రింట్ వెతికేది బేస్ డాట్ షో. మీ షో ఉన్నట్టు దానికి తెలియదు. పెళ్ళికి పిలవకుండా ఇంట్లో వంట చేసి కూర్చుంటే ఎవరొస్తారు? బేస్ డాట్ షో అని పూర్తి పేరుతో రాయండి, పనైపోతుంది. ఇంపోర్ట్ చేసి రాసినా అవుతుంది, కానీ పూర్తి పేరైతే "ఇది నాది కాదు, నేను చేరుస్తున్నాను" అని ఆ లైన్‌లోనే కనపడుతుంది. నేను అలాగే రాస్తాను.

చివరిగా ఒకటి. రూల్స్ అన్నీ పాటించినా ఒక చిక్కు రావచ్చు. కలుపు అనే ఫంక్షన్ ఉంది. నూనె టైప్ చేసినవాళ్ళు "మొదటిది నూనె, రెండోది ఏదైనా" అని మెథడ్ రాశారు. నీళ్ళ టైప్ చేసినవాళ్ళు "మొదటిది ఏదైనా, రెండోది నీళ్ళు" అని రాశారు. ఇప్పుడు నూనె, నీళ్ళు ఇచ్చి పిలిస్తే? రెండూ సరిపోతాయి, ఏదీ ఎక్కువ కాదు. జూలియా బొమ్మా బొరుసా వేయదు. మెథడ్ యాంబిగ్యుయిటీ అని ఆపేస్తుంది. "మొదటిది నూనె, రెండోది నీళ్ళు" అని ఒక మెథడ్ రాస్తే తీరుతుంది. ఆక్వా అనే ప్యాకేజ్ ఉంది, ఈ యాంబిగ్యుయిటీలనీ, ఇందాకటి పైరసీనీ టెస్టుల్లో వెతికి పట్టిస్తుంది. మీ ప్రాజెక్ట్‌లో పెట్టుకోండి.

ఓకే ఫ్రెండ్స్. మెథడ్ రాసే ముందు మూడు ప్రశ్నలు. ఈ పేరు ఏ ఇంటిది? ఇందులో నాది ఏముంది, ఫంక్షనా, టైపా? నేను చేర్చాక కూడా ఈ పేరు అర్థం అదే ఉంటుందా? మూడిటికీ జవాబు ఉంటే ధైర్యంగా రాయండి.

ఎర్రర్ వచ్చిందని నేను ఆ రోజు చిరాకు పడ్డాను. ఇప్పుడు ఆ ఎర్రర్ అంటే గౌరవం. తెలియనప్పుడు తెలియదని చెప్పే ప్రోగ్రామ్, పాలకొండ అని ధీమాగా చెప్పే ప్రోగ్రామ్ కంటే వెయ్యి రెట్లు నయం.

మీకో చిన్న పని. రెండు మాడ్యూల్స్ రాసి, రెండిట్లోనూ "బరువు" అని ఫంక్షన్ పెట్టండి. ఒకటి కేజీల బరువు, ఇంకోటి గ్రాఫ్‌లో ఎడ్జ్ బరువు. రెండూ ఎక్స్‌పోర్ట్ చేసి లోడ్ చేయండి. జూలియా ఏమంటుందో చదివి, నాలుగు దారుల్లో మీరు ఏది ఎంచుకున్నారో, ఎందుకో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, బై!